పనికి తగిన ప్రతిఫలము: ప్రభుత్వ పనులలో ప్రోత్సాహక ఒప్పందములు

వరికోతల కాలమున రైతు కూలీలతో రెండు విధముల బేరములు కుదుర్చుకొనుట మన గ్రామములలో అందరు నెరిగినదే. ఒకటి దినకూలి, రెండవది గుత్త. దినకూలికి పిలిచినచో పని నెమ్మదిగా, నింపాదిగా సాగును. ఎన్నినాళ్లకు ముగియునో ముందుగా చెప్పుట కష్టము. గుత్తకు ఇచ్చినచో పని వేగముగా ముగియును. కాని వదలిపెట్టిన కంకులను, రాలిన గింజలను చూచుకొను భారము రైతుమీదనే పడును. అందుచేత అనుభవము గల రైతు గుత్త మాటాడుకొనునపుడే, చేను శుభ్రముగా కోసి వాన పడకముందే కుప్ప వేసినచో పైన మరికొంత ఇత్తునని ఒక మాట చేర్చును. ప్రభుత్వములు రోడ్లు, వంతెనలు, భవనములు నిర్మింపజేయునపుడు, యంత్రములు కొనుగోలు చేయునపుడు అనుసరించు ‘ప్రోత్సాహక ఒప్పందము’ అను విధానమునకు మూలము ఈ చిన్న మాటయందే యున్నది.

ఈ విషయము ఇంజనీర్లకు, గణాంకాధికారులకు సంబంధించినదే గాని పంచాయతీ సభ్యులకు దీనితో పనియేమని కొందరు తలంపవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ రచయిత ప్రచార కార్యక్రమముపై ఒక గ్రామమునకు వెళ్లినపుడు కనిన పరిస్థితి ఆ సందేహమునకు సమాధానము కాగలదు. ఆ గ్రామమునకు పోవు మార్గమున ఒక వాగు కలదు. దానిపై కల్వర్టు నిర్మించుటకు సొమ్ము మంజూరైనది, టెండరు ఖరారైనది. మే నెలాఖరునకు పని పూర్తి కావలసియుండెను. కాని కంట్రాక్టరు పునాదులు లేపి, అంతకన్న లాభసాటియైన మరియొక పనికి తన మనుష్యులను, మిషన్లను తరలించుకొనిపోయెను. ఇంతలో వానలు వచ్చినవి. పాత దారి త్రవ్విపోయబడినది, క్రొత్త దారి ఏర్పడలేదు. నాలుగు నెలలు బస్సు రాలేదు. పిల్లలు హైస్కూలునకు పోలేకపోయిరి. రోగులను మంచముపై మోసికొని వాగు దాటించిరి. నిబంధనల ప్రకారము ఆలస్యమునకు కంట్రాక్టరు బిల్లులో కోత విధింపబడినది. ఆ సంగతి చెప్పగా, వార్డు సభ్యురాలైన ఒక పెద్దావిడ, “కోసిన డబ్బు సర్కారుకు చేరింది. మాకు పోయిన నాలుగు నెలలు ఎవరిస్తారయ్యా?” అని ప్రశ్నించినది.

ఆమె ప్రశ్నలో గొప్ప విషయము కలదు. ఆ కంట్రాక్టరు తన లెక్క తాను చూచుకొనెను. వేరొక పనిలో వచ్చు లాభము, ఇక్కడ పడు కోతకన్న ఎక్కువ. గ్రామమునకు వానకాలము ఎంత విలువైనదో ఆ ఒప్పందములో ఎక్కడను వ్రాసియుండలేదు. వ్రాయని దానిని ఆతడు లెక్కింపలేదు. గ్రామమునకు ఏది ముఖ్యమో దానిని కంట్రాక్టరునకు కూడ ముఖ్యమగునట్లు చేయుటయే ప్రోత్సాహక ఒప్పందము యొక్క పరమార్థము.

రెండు పాత పద్ధతులు

ప్రభుత్వ కొనుగోళ్లలో చిరకాలముగా రెండు పద్ధతులున్నవి. మొదటిది గంపగుత్త పద్ధతి. పని యంతటికిని ఒక ధర నిర్ణయింతురు. ఖర్చు తగ్గినచో లాభము కంట్రాక్టరుది, పెరిగినచో నష్టము కూడ ఆతనిదే. పని ఎట్టిదో ముందుగా స్పష్టముగా తెలిసియున్నపుడు ఇది మంచి పద్ధతియే. పాఠశాలకు ఒక గది, వీధికి సిమెంటు రోడ్డు, ప్రహరీగోడ వంటివి ఇట్టివి. కాని ఖర్చు తగ్గించుకొనవలెనను ఆశ కంట్రాక్టరును సిమెంటు తగ్గించుటకు, రోడ్డు రోలరు నడుపవలసినన్ని సార్లు నడుపకుండుటకు పురికొల్పవచ్చును. పైపెచ్చు, భూమి క్రింద రాయి తగులునో నీరు తగులునో తెలియని పనులకు కంట్రాక్టరు భయపడి ముందుగానే ధర పెంచి టెండరు వేయును. లేదా తక్కువకు వేసి, నడుమ చేతులెత్తివేయును.

రెండవది ఖర్చుపై లాభము ఇచ్చు పద్ధతి. అయిన ఖర్చంతయు ప్రభుత్వమే భరించి, దానిపై కంట్రాక్టరునకు కొంత ప్రతిఫలము ఇచ్చును. ఆ ప్రతిఫలము ఖర్చుపై నూటికి ఇంతయని నిర్ణయించినచో ఏమగునో చూడుడు. నూటికి పది చొప్పున, పది లక్షలు ఖర్చయినచో కంట్రాక్టరునకు లక్ష రూపాయలు లభించును. అదే పనికి పండ్రెండు లక్షలు ఖర్చు చూపినచో లక్షా ఇరువది వేలు లభించును. అనగా ఎంత దుబారా చేసిన అంత లాభము! మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పద్ధతిని అత్యవసరమని అవలంబించి, దాని చెడుగులను కన్నులార చూచిరి. అందుచేతనే ఆ దేశము రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించిన వెంటనే, 1941 డిసెంబరులో చేసిన చట్టములో ఖర్చుపై శాతము చొప్పున లాభమిచ్చు ఒప్పందములను నిషేధించినది.

బహుమానము లెక్కించు విధము

ఈ రెంటికి నడుమ మార్గము ప్రోత్సాహక ఒప్పందము. ఉదాహరణకు ఒక చెరువుకట్ట మరమ్మతు పనిని ఊహించుకొందము. ఇరుపక్షములు కూర్చుండి లెక్కవేసి, పనికి లక్ష్యవ్యయము 10,00,000 రూపాయలనియు, కంట్రాక్టరు ప్రతిఫలము 80,000 రూపాయలనియు నిర్ణయించిరి. లక్ష్యముకన్న ఖర్చు తగ్గినను, పెరిగినను ఆ తేడాలో 60 పాళ్లు ప్రభుత్వమునకు, 40 పాళ్లు కంట్రాక్టరునకు అని వ్రాసికొనిరి. ప్రభుత్వము ఏ పరిస్థితిలోను 11,50,000 రూపాయలకు మించి చెల్లింపదని పైహద్దు కూడ విధించిరి.

కంట్రాక్టరు తెలివిగా పని నడిపి 9,00,000 రూపాయలలో ముగించెననుకొందము. మిగిలిన లక్షలో 40,000 ఆతనికి చెందును. ప్రతిఫలముతో కలిసి ఆతనికి 1,20,000 రూపాయలు లభించును. ప్రభుత్వము చెల్లించు మొత్తము 10,20,000. అనుకొనిన దానికన్న 60,000 రూపాయలు ఖజానాకు మిగిలినవి. ఖర్చు 11,00,000 అయినచో కంట్రాక్టరు ప్రతిఫలము 40,000కు తగ్గిపోవును. ప్రభుత్వము 11,40,000 చెల్లించును. ఖర్చు 12,00,000కు చేరినచో ప్రతిఫలము పోవుటయే గాక, పైహద్దు దాటిన 50,000 రూపాయలను కంట్రాక్టరు తన చేతినుండి పెట్టుకొనవలసివచ్చును. లాభనష్టములలో ఇరువురును భాగస్వాములగుటచే ఇరువురి దృష్టియు ఒకే వైపునకు మరలును.

ఇది ఖర్చునకు ముడిపెట్టిన బహుమానము. గడువునకు గాని, నాణ్యతకు గాని, యంత్రము చూపు సామర్థ్యమునకు గాని కూడ బహుమానమును ముడిపెట్టవచ్చును. ఈ రెండు విధములకును చరిత్రలో మంచి దృష్టాంతములు కలవు.

విమానమునకు వ్రాసిన షరతులు

1907 డిసెంబరు 23వ తేదీన అమెరికా సైన్యమునకు చెందిన సిగ్నల్ విభాగము, గాలికన్న బరువైన ఎగురు యంత్రమొకటి కావలెనని షరతులు ప్రకటించినది. విమానమనగా ఏమో లోకమునకు సరిగా తెలియని దినములవి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఆర్విల్ రైటు, విల్బర్ రైటు సోదరులు 25,000 డాలర్లకు ఒప్పందము చేసికొనిరి. యంత్రము గంటకు 40 మైళ్లు, అనగా సుమారు 64 కిలోమీటర్ల వేగముతో ఎగురవలెను. అంతకు మించిన ప్రతి మైలునకు ధరలో నూటికి పది పెంచి ఇత్తురు. తగ్గిన ప్రతి మైలునకు నూటికి పది తగ్గింతురు. 36 మైళ్లకన్న తగ్గినచో యంత్రమునే నిరాకరింతురు.

ఇందు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. సైన్యమువారు వేగమునకు మాత్రమే బహుమానము పెట్టి ఊరకుండలేదు. యంత్రము ఇద్దరు మనుష్యులను మోయవలెను, ఒక గంటసేపు ఆకసమున నిలువవలెను, దెబ్బతినకుండ నేలకు దిగవలెను అని కనీస నియమములు కూడ విధించిరి. వేగమును కొలుచు పద్ధతిని సైతము ముందే వ్రాసియుంచిరి. ఐదు మైళ్లకు మించిన దూరము గాలి వాలున ఒకసారి, గాలికెదురుగా ఒకసారి ఎగిరి, ఆ రెంటి సగటును లెక్కింపవలెను. గాలి సాయముతో వచ్చిన వేగమునకు ప్రభుత్వము సొమ్ము చెల్లింపనక్కరలేకుండ ఈ ఏర్పాటు చేసిరి.

1908 సెప్టెంబరు 17న జరిగిన పరీక్షలో విమానము కూలి, లెఫ్టినెంటు సెల్ఫ్రిడ్జి అను సైనికాధికారి మరణించెను. ఆర్విల్ రైటు తీవ్రముగా గాయపడెను. ప్రభుత్వము గడువు పొడిగించినది. సోదరులు యంత్రమును సంస్కరించి 1909లో తిరిగి వచ్చిరి. జూలై 30న జరిగిన వేగపరీక్షలో సగటు గంటకు 42 మైళ్లకు పైబడినది. రెండు పూర్తి మైళ్లకు నూటికి ఇరువది చొప్పున 5,000 డాలర్లు బహుమానము లభించి, మొత్తము 30,000 డాలర్లు చేతికి వచ్చినవి. షరతు స్పష్టముగా నుండుటచే మైలు భాగమునకు వాదు పుట్టలేదు, లెక్కకు తగవు రాలేదు.

గడువునకు ముందే లేచిన వంతెనలు

1994 జనవరి 17న కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఏంజిల్స్ నగర ప్రాంతములో భూకంపము సంభవించి, శాంటా మోనికా రహదారిపై వంతెనలు కూలిపోయినవి. ఎడతెగని వాహన సంచారము గల ఆ దారి మూతపడుటచే కలుగు నష్టము దినమునకు పది లక్షల డాలర్ల వరకు నుండునని అంచనా వేసిరి. వంతెనల పునర్నిర్మాణమునకు 140 దినముల గడువు నిచ్చి, ముందుగా ముగించిన ప్రతి దినమునకు 2,00,000 డాలర్ల బహుమానము ప్రకటించిరి. ఆలస్యమైనచో దినదినమునకు జరిమానా కూడ విధించిరి. కంట్రాక్టరు రాత్రింబవళ్లు పని నడిపించి, గడువునకు 74 దినముల ముందే, ఏప్రిల్ నెలలో, దారి తెరిపించెను. బహుమానము 1 కోటి 48 లక్షల డాలర్లయినది. ఇది టెండరు మొత్తముతో ఇంచుమించు సమానము.

ఇంత సొమ్ము బహుమానముగా ఇచ్చుట న్యాయమాయని కొందరు అడుగవచ్చును. గడువును 140 దినములకు బదులు 100 దినములని పెట్టియున్నచో బహుమానము తక్కువయ్యెడిది కదా యనుట సమంజసమైన ప్రశ్నయే. అయినను బహుమానపు రేటు ఊహించి పెట్టినది కాదు. దారి మూతపడుటచే ప్రజలు పోగొట్టుకొను దానితో పోల్చి పెట్టినది. దినమునకు పది లక్షలు పోవుచుండగా రెండు లక్షలిచ్చి ఆ దినమును కొనుక్కొనుట ప్రజలకు లాభమే. మన వార్డు సభ్యురాలు అడిగిన ప్రశ్నకు ఇదియే ఒక విధమైన సమాధానము. పోయిన వానకాలమును ఎవరును తిరిగి ఈయలేరు. కాని దాని విలువను ముందుగా కట్టి ఒప్పందములో వ్రాసియుంచవచ్చును.

మన సీమలో, మన దేశములో

ఇట్టి ఆలోచన మనకు పరాయిది కాదు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతములలో పూర్వము ‘దశబంధము’ అను ఏర్పాటు ఉండెడిది. చెరువు త్రవ్వించినవారికి గాని, పాడుపడిన చెరువును బాగుచేయించినవారికి గాని భూమియో, ఫలసాయములో కొంత భాగమో ఈనాముగా ఇచ్చుచుండిరి. చెరువును నిరంతరము మంచి స్థితిలో ఉంచవలెననునది దానికి షరతు. కట్టిన దినమున సొమ్మిచ్చి పంపివేయుటకు బదులు, చెరువు నిలిచినంతకాలము ఫలము ముట్టునట్లు చేసిన మన పెద్దల వివేకము కొనియాడదగినది.

ఇటీవలి కాలమున కేంద్ర ప్రజాపనుల శాఖ 2014 నాటి సాధారణ ఒప్పంద షరతులలో, ఈ నిబంధన వర్తింపజేసిన పనులకు, గడువునకు ముందు ముగించిన కంట్రాక్టరునకు నెలకు టెండరు మొత్తములో 1 శాతము చొప్పున, 5 శాతమునకు మించకుండ బోనసు ఇచ్చు ఏర్పాటు కలదు.

గ్రామములకు అంతకన్న సన్నిహితమైన ఉదాహరణము ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ఈ పథకము క్రింద రోడ్డు వేసిన కంట్రాక్టరే ఐదు సంవత్సరములు దాని నిర్వహణ భారమును కూడ వహింపవలెనని ఒప్పందము. దీనిలోని కిటుకు గమనింపుడు. రోడ్డు వేయగానే సొమ్ము తీసికొని పోవువానికి అది మరుసటి వానకు కొట్టుకొనిపోయినను చింత లేదు. ఐదేండ్లు తానే గుంతలు పూడ్చవలసినవాడు మొదటనే గట్టిగా వేయుటకు చూచుకొనును. నిర్వహణపు సొమ్మును కూడ, రోడ్డు వాస్తవముగా మంచి స్థితిలో ఉన్నదా లేదా యని తనిఖీ చేసి, దానిని బట్టి చెల్లించు పద్ధతి తరువాత అమలులోనికి వచ్చినది.

పొంచియున్న లోపములు

ప్రోత్సాహక ఒప్పందము సర్వరోగ నివారిణి కాదు. 1960 దశకమున అమెరికా రక్షణమంత్రి రాబర్టు మెక్‌నమారా ఈ పద్ధతిని విరివిగా ప్రవేశపెట్టెను. కాగితముపై చాల పొదుపు కనబడినది. తరువాత పరిశీలించిన నిపుణులు మాత్రము, ఆ పొదుపులో చాల భాగము లక్ష్యవ్యయమును మొదటనే ఎక్కువగా నిర్ణయించుటచే ఏర్పడినదని అనుమానించిరి. ఎనిమిది లక్షల పనికి పది లక్షల ఎస్టిమేటు వేసి, తొమ్మిది లక్షలలో ముగించి బహుమానము పొందుట పొదుపు కాదు. అది ప్రజల సొమ్మును పంచుకొనుటయే.

రెండవ లోపము మరింత సూక్ష్మమైనది. దేనిని కొలిచి సొమ్మిత్తుమో దానిపైననే శ్రద్ధ నిలుచును. కొలువని దానిని మరచిపోవుదురు. గడువునకు మాత్రమే బహుమానము పెట్టినచో తడిగా ఉంచవలసిన కాంక్రీటుకు నీరు కట్టకుండ పని ముగింతురు. ఖర్చునకు మాత్రమే పెట్టినచో కంకర తగ్గును. కావున నాణ్యత బేరమునకు లోబడని కనీస నియమముగా నుండి, దానిని దాటిన పిమ్మటనే బహుమానము లెక్కకు రావలెను.

మూడవది ప్రభుత్వ పక్షమున ఉండు లోపము. స్థలము అప్పగించుటలో జాప్యము, బిల్లు చెల్లించుటలో జాప్యము జరిగినచో బహుమానపు ఆశ కంట్రాక్టరును కదిలింపజాలదు. ఆలస్యము తనది కాదని ఆతడు గడువు పెంపు కోరును, జరిమానాయు నిలువదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పంచాయతీ తనంతట తాను ఒప్పందములలో బహుమానపు షరతులు చేర్చుటకు వీలులేదు. నిధులను బట్టి, ప్రభుత్వ నియమములను బట్టి, ఇంజనీరింగు అధికారుల సలహాతో అది జరుగవలెను. అయినను ఏ విధమైన ఒప్పందమునందైనను సభ్యులు నిర్వహింపదగిన పని చాల కలదు.

1. పని మంజూరు కాకముందే, అది ఏ నెలలోపల పూర్తి కాకున్నచో గ్రామమునకు ఏమి నష్టమో తీర్మానములో స్పష్టముగా వ్రాయవలెను. “వానలకు ముందు” అనుటకన్న తేదీ వ్రాయుట మేలు. ఆ తేదీయే ఒప్పందమున గడువు కావలెనని అధికారులను కోరవలెను.

2. స్థలముపై తగవులు, ఆక్రమణలు ఉన్నచో టెండరునకు ముందే పరిష్కరించుకొనవలెను. స్థలము చేతికి ఈయకుండ కంట్రాక్టరును గడువు అడుగుట న్యాయము కాదు.

3. ఎస్టిమేటును తెప్పించుకొని చదువవలెను. గ్రామములో మేస్త్రీలు, తాపీపని తెలిసినవారు ఉందురు. ఇసుక, కంకర ఎంత దూరమునుండి వచ్చుననియు, ఎంత లోతు త్రవ్వవలెననియు వారికి తెలియును. ఎస్టిమేటు ఎక్కువగా నున్నను, మరీ తక్కువగా నున్నను చెప్పవలసినది అప్పుడే.

4. కొలతలు తీయు దినమున సభ్యులు అక్కడ నుండవలెను. ఎం. బుక్కులో వ్రాసిన పొడవు, వెడల్పు, మందములను బట్టియే సొమ్ము చెల్లింతురు. భూమిలో పూడ్చివేయు పునాదిని పూడ్చకముందే చూడవలెను. తరువాత చూచుటకు సాధ్యము కాదు.

5. ఐదేండ్ల నిర్వహణ షరతు గల రోడ్లు తమ గ్రామమున ఏవేవి కలవో, ఆ గడువు ఏ దినమున ముగియునో పంచాయతీ కార్యాలయమున వ్రాసియుంచవలెను. గుంత పడినచో, మోరీ పూడినచో తేదీ వేసి వ్రాతమూలకముగా తెలియజేయవలెను. గడువు దాటిన పిమ్మట చేసిన ఫిర్యాదు కంట్రాక్టరును బంధింపదు.

6. పని బాగుగా చేసిన కంట్రాక్టరును గూర్చి కూడ తీర్మానము చేసి పంపవలెను. తప్పులు మాత్రమే వ్రాసి, మంచిని విస్మరించుట పరిపాటియైనది. మంచిపేరు కూడ ఒక బహుమానమే.

ఈ పనులలో దేనికిని ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు. తేదీలు వ్రాసికొను ఓపికయు, కొలత టేపు పట్టుకొని నిలబడు ధైర్యమును చాలును.

మొదట చెప్పిన గ్రామమున ఆ కల్వర్టు మరుసటి వేసవిలో పూర్తియైనది. ఆ వార్డు సభ్యురాలు తరువాత వచ్చిన ప్రతి పనికిని తీర్మానములో, వానలు పడునాటికి ముగియకున్నచో ఎందరు పిల్లలకు బడి పోవునో, ఎన్ని ఎకరముల పంటకు బండి దారి పోవునో లెక్క వ్రాయించెడిదట. ఒప్పందము వ్రాయువారికి ఆ లెక్కకన్న విలువైన సమాచారము మరియొకటి లేదు. గ్రామము తనకు ఏది విలువైనదో ముందుగా చెప్పినపుడే, ప్రభుత్వము ఆ విలువను ఒప్పందములో వ్రాయగలదు. కంట్రాక్టరు దానికై చెమటోడ్చగలడు.